ఒట్టు పెట్టించినంతమాత్రమున రోగము కుదురునా?

జ్వరము తగ్గినవాడు పది దినములకు మరల మంచమెక్కినచో "జ్వరము తిరుగబెట్టినది" అని చెప్పుకొని మనము వైద్యునకు కబురంపుదుము. పథ్యమెచ్చట తప్పెనో విచారింతుము; మందు మార్పింతుము; రాత్రి కాపు కూర్చుందుము. నల్లమందు జాతి మందులకు అలవాటుపడి, ఎట్లో మానివేసి, మూడు నెలలకు మరల వాని జోలికి పోయినవాని విషయమున మనము చేయునదేమి? వానికి సిగ్గులేదందుము. దేవుని యెదుట వేసిన ఒట్టు తప్పినాడందుము. ఇంటి పరువు తీసినాడని తండ్రి మాటలాడుట మానును. అన్నదమ్ములు అర లోనికి రానీయరు. "తిరుగబెట్టుట" అను చక్కని మాట మన భాషయందుండియు, ఈ రోగికి మాత్రము మనము దానిని వాడము. ఈ భేదము అన్యాయమనియు, ఈ అన్యాయము ప్రాణములను తీయుచున్నదనియు, దీనిని సాగించుచున్నవారు దుర్మార్గులు కాక మనవంటి చదువుకొన్న గృహస్థులే యనియు మా వాదము.

ముందుగా మాట స్పష్టము కావలెను. గసగసాల కాయకు గాటుపెట్టగా కారెడి పాలు గట్టిపడి నల్లమందగును. అందుండి మార్ఫిను, కోడీను తీయుదురు. మార్ఫినునుండి హెరాయిను చేయుదురు. ట్రమడాలు, టపెంటడాలు అనునవి గసగసాలతో పనిలేక కార్ఖానాలలో తయారైనవే. కాని మెదడులో నల్లమందు పట్టుకొను చోటులనే ఇవియు పట్టుకొనును. నొప్పిమాత్రలన్నియు ఈ జాతివి కావు. జ్వరమునకు వేసికొను పారాసిటమాలు ఈ జాతిది కాదు. శస్త్రచికిత్స యైనవానికిని, పుట్టకురుపు బాధతో మూలుగు రోగికిని మార్ఫిను వంటి మందు అమృతప్రాయము. కావున మేము మందును నిందించుట లేదు. మందు పట్టిన మనిషిని నిందించు మన అలవాటును మాత్రమే నిందించుచున్నాము.

ఇది పంజాబు సంగతి గాని మనకేమి యందురా? 2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేను ఢిల్లీయందలి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు నడిపిరి. దాని లెక్క ప్రకారము దేశమున నల్లమందు జాతి పదార్థములను వాడువారు సుమారు 2 కోట్ల 26 లక్షలమంది. వారిలో చికిత్స గాని సహాయము గాని కావలసినవారు సుమారు 77 లక్షలమంది. ఈ 77 లక్షలలో సగమునకు పైగా కొలది రాష్ట్రములలోనే ఉన్నారని చెప్పుచు ఆ నివేదిక పేర్కొన్న రాష్ట్రములలో పంజాబు, హర్యానాలతో పాటు ఆంధ్రప్రదేశము పేరును కలదు. మత్తుమందులకు బానిసలైనవారిలో ఇరువదిమందికి ఒకనికి మాత్రమే ఏదో యొక చికిత్స అందుచున్నదనియు అందే చెప్పబడినది. తక్కిన పందొమ్మిదిమందికి మనమిచ్చుచున్న చికిత్స తిట్టు, ఒట్టు, గట్టిగా కట్టు.

ఇక అనంతపురపు మెట్టభూమిని తలంపుడు. పడమటి వానలను సహ్యపర్వతములు ఆపివేయును. తూర్పుతీరపు వానలు ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేరుసెనగ ఊడలు దిగు సమయమునకు మొగము చాటువేయును. పంట పోయినచో అప్పు నిలుచును. అప్పు నిలిచినచో మనిషి బెంగళూరునకో కేరళమునకో కూలికి పోవును. ఊరనే నిలిచినవాడు ధర్మవరములో మగ్గపు గుంటలో కాళ్లుపెట్టి నడుము వంచి పట్టుచీర నేయును; తాడిపత్రి ప్రక్కన నాపరాళ్లు ఎత్తును. ఇట్టి దేహములకు నొప్పి సహజము. నొప్పి తగ్గినగాని మఱునాటి కూలి లేదు. మందుల కొట్టునందు చీటి యడుగక ఇచ్చిన మాత్ర మొదట నొప్పిని తీయును, పిదప అలసటను తీయును, కొన్నాళ్లకు మనసులోని దిగులును తీయును. ఈ మూడవది జరిగిన దినముననే మనిషి చిక్కినాడు. ట్రమడాలును 2018 ఏప్రిలులో మత్తుమందుల చట్టము క్రిందికి తెచ్చిరి, మంచిదే. కాని మాత్ర దొరకుట కష్టమైనంతమాత్రమున ఆ మాత్ర కప్పిపుచ్చుచుండిన దిగులు ఎచ్చటికి పోవును?

ఈ దిగులే మా వ్యాసమునకు కేంద్రము. మాత్రలు మానిన మొదటి వారము పది దినములు దేహము పడు యాతన అందఱకును కనబడును. ఒడలెల్ల నొప్పులు, ముక్కు కారుట, ఆవులింతలు, విరేచనములు, గగుర్పాటు, కంటికి కునుకు లేకపోవుట. అప్పుడు ఇల్లంతయు జాలిపడును. తల్లి గంజి కాచి పోయును. భార్య కాళ్లు పట్టును. పదునొకండవ దినమున నొప్పులు తగ్గును. "గండము గడిచినది" అని యిల్లు ఊపిరి పీల్చుకొనును. నిజమునకు అసలు గండము అప్పుడు మొదలగుచున్నది.

మన మెదడు నల్లమందు వంటి పదార్థములను కొలదిగా తానే పుట్టించుకొనును. నొప్పిని అణచుటయందును, తిన్నదానియందు రుచి తోచుటయందును, అయినవారి చెంత హాయి కలుగుటయందును వానికి పాలు కలదు. బయటినుండి మందు నెలల తరబడి వచ్చి పడుచుండగా మెదడు దానికి తగినట్లు తన పనిని సవరించుకొనును. అనంతపురపు రైతునకు ఇది వేఱుగ బోధింప నక్కఱలేదు. లోతు బోరులు వేసి తోడినకొలది పాతబావులలో ఊట అడుగంటును. బోరు ఆపిన మఱునాడే బావి నిండునా? కొన్ని వానకారులు గడువవలెను. మాత్రలు మానినవాని మనసును అట్టిదే. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, వానికి నిద్ర సరిగా పట్టదు, తిండి రుచింపదు, బిడ్డ వచ్చి ఒడిలో కూర్చున్నను సంతోషము పుట్టదు. పుట్టనందులకు మఱింత సిగ్గుపడును. "నావలన ఎవరికి ఏమి ప్రయోజనము?" అను తలంపు రాత్రి మూడవ జామున వచ్చి కూర్చుండును.

దీనికి వైద్యులు పెట్టిన పేరు క్రుంగుబాటు. ఇది రెండు విధములుగా ఉండును. మొదటిది మందు మానుటవలన కలిగి, కాలము గడచినకొలది సడలునది. రెండవది మాత్రలకు మునుపే ఉండి, మాత్రలచాటున దాగి, అవి తొలగగానే పైకి వచ్చునది. పంట పోయి, అప్పుపడి, కూతురి పెండ్లి నిలిచిపోయి, నడుమునొప్పి పేరిట మాత్ర మింగనారంభించినవానికి అసలు రోగము నడుమునందుండెనా, మనసునందుండెనా? ఈ రెండింటిని వేఱుచేయుటకు వైద్యుడు కొన్ని వారములు రోగిని కనిపెట్టి చూడవలెను. బాధ తీవ్రమైనచో ఆ వారములు వేచియుండక వెంటనే చికిత్స చేయవలెను. కాని పదునొకండవ దినమునకే మనము వైద్యునకు నమస్కరించి ఇంటికి తెచ్చుచుంటిమి గదా! ఇక చూచువారెవ్వరు?

ఇంట చూచువారు చూచునదెట్లున్నది? వాడు పొద్దెక్కువఱకు లేవడు. సోమరియందురు. పనికి పోయి సగము దినమునకే తిరిగివచ్చును. దొంగపనియందురు. పిలిచిన పలుకడు. పొగరందురు. నలుగురిలోనికి రాడు. మరల మొదలుపెట్టినాడేమో యని జేబులు వెదకుదురు. వీథిలో కనబడినవాడు "ఏమప్పా, మానినావంట గదా, ఎన్నినాళ్లో చూద్దాములే" అని నవ్వును. రోగలక్షణములన్నియు మన నోట గుణదోషములుగా మాఱిపోయినవి. ఇట్టి స్థితిలో ఆ మనిషికి తెలిసిన మందు ఒక్కటే. అది వేసికొన్న అరగంటకు ఈ బరువు దిగునని వాని దేహము మఱువలేదు. వాడు దానిని వెదకుట సుఖముకొఱకు కాదు. మీకును మాకును ఊరకయే లభించు సామాన్యమైన మనస్స్థితి కొఱకు. దీనిని విలాసమని పిలుచుట, దప్పిగొన్నవాడు మడుగునీరు త్రాగినచో తిండిపోతని తిట్టుటవంటిది.

మన సీమలో వ్యసనము మానుటకు ప్రసిద్ధమైన యుపాయము మాల వేసికొనుట. అయ్యప్ప మాల వేసికొన్న నలువదియొక్క దినములు ఎంతటి త్రాగుబోతును సీసా ముట్టడు. ఇది కన్నులార చూచిన సంగతి. దీనిని హేళనచేయువారితో మేము కలియము. కాని ఆ నలువదియొక్క దినములు ఏమి జరుగుచున్నదో విచారింపవలదా? నిన్నటివఱకు "ఒరే" అని పిలిచినవారు "స్వామీ" అని పిలుతురు. తెల్లవారుజామున లేచుటకు, స్నానమునకు, భజనకు, భోజనమునకు వేళ ఏర్పడును. ఒంటరిగా తినక పదిమందితో తినును. రాత్రి తోడుండును. చేరవలసిన గమ్యమొకటి కనులయెదుట ఉండును. గౌరవము, నియమము, సహవాసము, ఆశ. క్రుంగిన మనసునకు ఏ వైద్యుడైనను కోరదగిన నాలుగును ఒక్కసారి లభించినవి. నలువదిరెండవ దినమున మాల తీయగానే నాలుగును పోవును. స్వామి మరల ఒరే యగును. అప్పుడు వాడు పడినచో "మాలకైనను విలువ నీయలేదు" అందుము. మాలకు విలువ నీయనిది వాడా? మాల యిచ్చినదానిని ఒక్క దినమైనను పొడిగింపని మనమా?

ఇచ్చట ఇంతకంటె భయంకరమైన సంగతి యొకటి కలదు. ప్రతి గృహస్థుడును దీనిని తెలిసికొనవలెను. నల్లమందు జాతి మందులను నెలల తరబడి వాడినవాని దేహము పెద్ద మోతాదును తట్టుకొనుటకు అలవాటుపడును. మానిన కొన్ని వారములకు ఆ తట్టుకొను శక్తి పోవును. మనిషికి జ్ఞాపకమున్నది పాత మోతాదు. దేహమునకు దానిని భరించు బలము లేదు. అట్టివాడు ఒక్క రాత్రి క్రుంగిపోయి పాత మోతాదే వేసికొన్నచో, దానికి సారాయియో ఆల్ప్రజోలాము వంటి నిద్రమాత్రయో తోడైనచో, నిద్రలోనే ఊపిరి సన్నగిల్లి ఆగిపోవచ్చును. చికిత్స మానిన మొదటి నాలుగు వారములు, చెఱనుండి గాని చికిత్సాలయమునుండి గాని విడుదలైన తొలి వారములు మిక్కిలి ప్రమాదకరములని లోకమంతటను వైద్యులు గుర్తించిరి. కావున నలువదిరోజుల ఒట్టు పెట్టించి పిదప ఒంటరిగా విడుచుట సహాయము కాదు. గోతికి అంచున నిలిపి వెనుదిరుగుట. తిరుగబెట్టినదని తెలిసినప్పుడు మనము తలుపు మూయుచున్నాము. సరిగా ఆ రాత్రియే వానికి తలుపు తెఱచియుండవలెను.

మన యింటి రెండవ యుపాయము పెండ్లి. "ముడి పడితే వాడే దారికి వచ్చును" అని పెద్దలు నిశ్చయింతురు. ఆ పిల్ల తల్లిదండ్రులకు నిజము చెప్పరు. కట్నము పుచ్చుకొని రోగిని అప్పగింతురు. ఎవ్వరికిని అంతుపట్టని వ్యాధికి పందొమ్మిదేండ్ల పిల్లను వైద్యురాలిని చేయుదురు. ఆమెకు మందు పేరు తెలియదు, లక్షణము తెలియదు. పసుపుకుంకుమలు మాత్రము తెలియును. వాడు మరల పడినచో "కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదు" అని నిందయు ఆమెకే. అతడు మరణించినచో ఆమె గతియేమో వేఱుగ చెప్పనేల? అర్ధశతాబ్దికి పైగా స్త్రీల యభ్యుదయమును గూర్చి వ్యాసములు చదివిన మనము ఈ మోసమునకు శుభలేఖలు అచ్చువేయించుచున్నాము. రోగికి పెండ్లి చేయవలదని మేమనుట లేదు. రోగమును దాచి చేయుట నేరమనియు, పెండ్లి మందు కాదనియు అనుచున్నాము. ఇక స్త్రీలే ఈ మాత్రలకు అలవాటుపడినచో ఒట్టు పెట్టించువారు గూడ ఉండరు. పరువు పేరిట ఆ సంగతియే గోడల నడుమ పూడిపోవును.

మూడవ యుపాయము బంధించుట. వ్యసనవిముక్తియను పలకను వ్రేలాడగట్టి, వైద్యుడు లేని యింట మనుష్యులను నెలల కొలది తాళమువేసి యుంచు చోట్లు కలవు. కుటుంబమువారు రుసుము చెల్లించి, కొట్టుదురని తెలిసియు కన్నులు మూసికొందురు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందలి ఏర్వాడిలో అగ్నిప్రమాదము జరిగినప్పుడు గొలుసులతో కట్టబడియున్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఏ రూపమునను గొలుసు వేయరాదని శాసించినది. మత్తుమందుల వాడుకవలన కలుగు మానసికస్థితులను గూడ మానసిక వ్యాధుల నిర్వచనమునందు చేర్చినది. చట్టము తెలిసికొన్న సత్యమును ఇల్లు ఇంకను తెలిసికొనలేదు.

సరఫరాను ఆపినచో అంతయు సరిపోవునని నమ్మువారు మన చరిత్రను ఒకసారి తిరుగవేయవలెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచినప్పుడు రాష్ట్రమంతయు వారివెంట నడిచెను. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము తొలగెను. ఆ తల్లుల సాహసమునకు మేము తలవంతుము. కాని త్రాగుడు మానిన లక్షలాది మనుష్యుల మనసులను కనిపెట్టుటకు ఆ యేండ్లలో ఊరూర ఎన్ని వైద్యశాలలు లేచెను? దుకాణముపై చూపిన శ్రద్ధలో పదవవంతైనను రోగిపై చూపలేదు. మఱియొకటి. 2015లో తెలంగాణమున కల్తీకల్లుపై అధికారులు దాడులు చేసిరి. ఆ కల్లులో కలిపిన ఆల్ప్రజోలాము వంటి మందులు హఠాత్తుగా ఆగిపోగా, నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతముల కూలిజనము మూర్ఛలతోను మతిభ్రమతోను ఆసుపత్రులకు పరుగెత్తిరి; హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ ఆసుపత్రి నిండిపోయెను. ఆ మందు నల్లమందు జాతిది కాదు. దానిని ఉన్నట్టుండి ఆపుట మఱింత అపాయకరము. ఐనను పాఠమొక్కటే. మందు తీసివేయుట సగము పని. తీసివేసిన చోట ఏమి పెట్టితిమి అనునది తక్కిన సగము. మనము ఎప్పుడును మొదటి సగము చేసి ఊరేగుచున్నాము.

పెట్టదగినది లేదా? కలదు. బుప్రెనార్ఫిను, మెథడోను అను మందులను వైద్యుని పర్యవేక్షణలో నిలుకడగా ఇచ్చినచో తహతహ అణగును, మనిషి పనికి పోగలుగును, మరణములు బాగుగా తగ్గును. 2005లో ప్రపంచారోగ్య సంస్థ వీనిని అత్యవసరమైన మందుల పట్టికలో చేర్చెను. మన దేశమున సూదులతో మత్తుమందు ఎక్కించుకొనువారికి ఎయిడ్సు నివారణ కార్యక్రమము క్రింద బుప్రెనార్ఫిను ఇచ్చుచున్నారు. దీనితోపాటు క్రుంగుబాటునకు తగిన మందును, మాటలతో చేయు చికిత్సయు నడువవలెను. ఇచ్చట మన సంస్కర్తలే అడ్డుపడి "ఒక మత్తు మాన్పించి మఱియొక మత్తు ఇచ్చుటయా?" అందురు. ఈ ప్రశ్న వినుటకు చురుకుగా ఉన్నది గాని ఆలోచింపగా నిలువదు. మత్తు అనగా హెచ్చుతగ్గుల నడుమ ఊగుట, దొంగిలించుట, దాచుట, పనిమానుట. వైద్యుడు కొలిచి యిచ్చిన మందు ఆ యూగుటను ఆపుచున్నది. మధుమేహము గలవాడు ప్రతిదినమును ఇన్సులిను తీసికొన్నచో వానిని ఇన్సులిను బానిస యందుమా? విఱిగిన కాలికి కఱ్ఱ ఇచ్చి, పది దినములకే లాగికొని, పడిపోయినవానిని చూచి "వీనికి నడువవలెనను కోరిక లేదు" అందుమా? కొందఱకు ఆ కఱ్ఱ కొన్ని నెలలు కావలెను, కొందఱకు ఏండ్లు కావలెను. అది వైద్యుడును రోగియు నిర్ణయించుకొనవలసిన సంగతి; మేనమామలు నిర్ణయింపవలసినది కాదు.

మఱియొక యాక్షేపణ బలమైనది, దానిని తప్పించుకొనము. "తిరుగబెట్టుట రోగలక్షణమని మీరు చెప్పినచో ఇక మనిషికి బాధ్యతయే లేదా? భార్య పుస్తెలు అమ్మినది వాడు గాదా? బిడ్డల ఫీజు మింగినది వాడు గాదా?" నిజమే. వాడే. ఆ నష్టమును భరించిన యిల్లాలి కోపము న్యాయమైనది. ఆమెను ఓర్పు వహింపుమని ఉపదేశించుటకు మాకు నోరు రాదు. డబ్బు వాని చేతికీయకుండుట, నగలు దాచుట, కొట్టినచో ఇల్లు విడిచిపోవుట ఆమె హక్కులు. కాని బాధ్యత వేఱు, శిక్ష వేఱు. క్షయరోగియు మందు తప్పక వేసికొనవలసిన బాధ్యత కలవాడే. తప్పినచో మరల మొదటినుండి వేయింతుము గాని ఊరినుండి వెళ్లగొట్టము. వాని బాధ్యత చికిత్సకు వచ్చుట, నిజము చెప్పుట. మన బాధ్యత నిజము చెప్పిన వెంటనే వాని నోరు నొక్కకుండుట. నిజము చెప్పినందులకు దెబ్బలు తినునింట ఎవడును రెండవసారి నిజము చెప్పడు. దాచుట నేర్చుకొనును, దాచినవాడు ఒంటరిగా వేసికొనును, ఒంటరిగా వేసికొన్నవాని ఊపిరి ఆగినచో చూచువారుండరు.

ప్రభుత్వమును ఈ దోషమునుండి విడువజాలము. 1985 నాటి మత్తుమందుల చట్టము 27వ విభాగము మార్ఫిను, హెరాయిను, కొకెయిను వంటివానిని వాడినవానికి ఏడాదివఱకును, తక్కిన మత్తుమందులను వాడినవానికి ఆఱు నెలలవఱకును చెఱ విధింపవచ్చునన్నది. 64ఏ విభాగము తనంతతాను చికిత్సకు వచ్చినవానిని ప్రాసిక్యూషనునుండి కాపాడుచున్నది. ఇది మంచి విభాగము, దీనిని ఎఱిగినవారు తక్కువ. కాని చికిత్సను పూర్తిగా చేయించుకొననిచో ఆ రక్షణను తీసివేయవచ్చునని దానికి తోకయొకటి తగిలించిరి. నడుమ విడుచుటయే ఏ రోగమునందు ప్రధానలక్షణమో ఆ రోగమునకు ఇట్టి షరతు పెట్టుట, దగ్గినచో క్షయవైద్యము మానివేయుదుమనుటతో సమానము. ఈ తోకను కోయవలెను.

వైద్యము పల్లెకు చేరదనువారికి మా పొరుగుజిల్లాయే సమాధానము. అనంతపురము జిల్లా 1882వఱకు బళ్లారిలోని భాగము. ఆ బళ్లారియందే 1985 మొదలు బెంగళూరు నిమ్హాన్సు వైద్యులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల డాక్టర్లకును ఆరోగ్యకార్యకర్తలకును మానసిక వ్యాధులను గుర్తించుట, సామాన్యమైన మందులిచ్చుట నేర్పిరి. పెద్ద ఆసుపత్రి కట్టకయే జిల్లాకంతకును మనోవైద్యము అందింపవచ్చునని ఋజువైనది. 1996లో దేశము చేపట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే నమూనా. సరిహద్దునకు ఆవల నలువది యేండ్లనాడు జరిగినపని ఈవల ప్రతి ప్రాంతీయ వైద్యశాలయందును పూర్తిగా జరుగవలెనని అడుగుట అత్యాశ కాదు. మందు మాన్పించిన ప్రతివానిని కనీసము ఏడాదిపాటు క్రమముగా చూడవలెను, చూచిన ప్రతిసారి "నిద్ర పట్టుచున్నదా? బ్రతుకు మీద విసుగు కలుగుచున్నదా?" అను ప్రశ్నలను సిగ్గుపడక అడుగవలెను. కరవు నెలలలో పనిలేని దినములే మనసునకు గండములు గనుక, ఉపాధిపనులలో ఇట్టివారికి ముందుగా చోటీయవలెను. ఇవి కోట్లతో పనిలేని సంస్కరణములు.

ఇక ఇంటిలో మనము చేయగలిగినది ప్రభుత్వము చేయగలిగినదానికంటె తక్కువ కాదు. మానినవానికి పదునొకండవ దినముతో చికిత్స ముగియలేదని తెలిసికొనుడు. రెండు వారములకు మించి దిగులు వదలనిచో, తిండి నిద్రలు చెడినచో, చావు మాట నోట వచ్చినచో దానిని బెదిరింపని కొట్టివేయకుడు, సూటిగా అడుగుడు. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. అడుగువాడు దొరికినందువలన బరువు కొంత దిగును. ఆ రాత్రి వానిని ఒంటరిగా ఉంచకుడు. జిల్లా ఆసుపత్రికి తీసికొనిపొండు. 2022 అక్టోబరు 10వ తేదీనుండి నడుచుచున్న టెలిమానస్ వారికి 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడుదురు. వాని నొప్పికి వేఱు మందు వేఱు సాధనము కలదేమో వైద్యుని అడుగుడు. నొప్పి మిగిలియుండగా మాత్ర మానుమనుట ఎండలో నిలువబెట్టి చెమర్పవలదనుట. వానికి తెల్లవారి లేచుటకు ఒక పని, తినుటకు ఒక పంక్తి, పిలుచుటకు ఒక గౌరవమైన పిలుపు మిగుల్పుడు. మాల తీసిన తరువాతను వానిని స్వామీ యని పిలువకపోయినను, పేరుపెట్టి పిలువుడు.

మరల పడినచో ఒట్లు వేయింపకుడు. తప్పిన ప్రతి ఒట్టును వాని మెడకు మఱియొక రాయి. ఒట్టు తప్పినవాడు మనయొద్దకు రాడు. జ్వరము తిరుగబెట్టినవాడు వచ్చును. ఆ మనిషి ఈ రెంటిలో ఏది కావలెనో నిర్ణయించునది మన నోటినుండి వెడలు మొదటి మాట.